బస్టాండ్‌లో నా కోసం ఆగిపోయిన మేడమ్‌కి థాంక్స్

నైట్ బస్సులో నిద్రలో ఉండగా ఎవరో నా హ్యాండ్‌బ్యాగ్ కొట్టేశారు, పాస్‌పోర్టు, ఫోను, కార్డులు అన్నీ అందులోనే, దేశం కాని దేశం, భాష రాదు, ఒక్కదాన్నే, కాళ్ళూ చేతులూ ఆడలేదు. మీరు ఎక్కాల్సిన బస్సు వదిలేసుకుని మరీ నాతో పోలీస్ స్టేషన్‌కి వచ్చారు. ముందు కార్డులు బ్లాక్ చేయించమని మీ ఫోన్ చేతిలో పెట్టారు, నాకసలు ఆ ఆలోచనే రాలేదండి! కంప్లైంట్ వాళ్ళ భాషలో రాయించి, రిపోర్ట్ కాపీ ఇచ్చేదాకా అక్కడి నుంచి కదల్లేదు. తర్వాత ఎంబసీలో ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌కి (పాస్‌పోర్టు బదులు ఇచ్చే కాగితం, అది ఇంటికి తిరిగి రావడానికి మాత్రమే పనికొస్తుంది) ఆ కాపీనే అడిగారు, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి కూడా అదే. మీ పేరు తెలీదు, కానీ మీ మేలు జన్మలో మర్చిపోను, చాలా చాలా థాంక్స్ మేడమ్.