విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో మన తెలుగు పుస్తకాలు: సాహిత్య విభాగం వార్షిక నివేదిక, 2025

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన తెలుగు సంఘం సాహిత్య విభాగం పని చాలావరకు ఒకే చోట సాగింది: ఇక్కడ అమెరికాలో మన ఊరి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో. ఉగాది సంబరాలప్పుడు హాలు బయట హెల్ప్ డెస్క్ పెట్టాం. ఆగస్టులో ఇండియా నుంచి కొత్తగా దిగిన విద్యార్థులకు గ్రంథాలయమంతా తిప్పి చూపించాం. తెలుగు పేర్లను కేటలాగులో ఎలా టైపు చేయాలో చెప్పే ఒక పేజీ పట్టిక తయారుచేసి పంచాం. సభ్యుల ఇళ్లలోని పుస్తకాలను గ్రంథాలయానికి ఇచ్చే పని మొదలుపెట్టాం. ఖర్చుల లెక్క కోశాధికారి నివేదికలో ఉంది. ఇక్కడ మాత్రం సభ్యులు మళ్లీ మళ్లీ అడిగినవాటికి జవాబులు రాస్తున్నాం. సమావేశాలకు రాలేనివారు దీన్నే దగ్గర పెట్టుకుని పని నడిపించుకోవచ్చు.

డెస్క్ దగ్గర ఎక్కువగా వినిపించిన మాట: "ఇక్కడ తెలుగు పుస్తకాలు ఎక్కడుంటాయండీ, ఎవరైనా ఇండియా వెళ్తే సూట్‌కేసులో తెప్పించుకోవాలి గానీ." ఇది నిజం కాదు. పీఎల్ 480 గోధుమల పేరు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1954లో వచ్చిన పీఎల్ 480 అనే అమెరికా చట్టం కింద అమెరికా మనకు ధాన్యం అమ్మి సొమ్మును రూపాయల్లో తీసుకుంది. ఆ రూపాయల్లో కొంత భాగంతో 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ (అమెరికా ప్రభుత్వ పెద్ద గ్రంథాలయం) వారి ఢిల్లీ కార్యాలయం భారతీయ భాషల పుస్తకాలు కొని ఇక్కడి విశ్వవిద్యాలయాలకు పంపుతూ వచ్చింది. వాటిలో తెలుగూ ఉంది. రూపాయల నిల్వ అయిపోయాక ఆయా గ్రంథాలయాలు సొంత డబ్బు కట్టి ఆ ఏర్పాటును కొనసాగించాయి. షికాగోలోని రీగెన్‌స్టీన్ గ్రంథాలయం, మాడిసన్‌లోని మెమోరియల్ గ్రంథాలయం లాంటి చోట్ల తెలుగు అరలు ఇలా నిండినవే. విజయవాడ కొట్లలో ఎన్నడో కరువైపోయిన పుస్తకం ఇక్కడ ఒక అరలో ఎవరూ తెరవకుండా ఉండొచ్చు. ఉంది కూడా. దొరకకపోవడానికి అసలు కారణం ఎక్కువసార్లు స్పెల్లింగే.

అందుకే పట్టిక మీద ఎక్కువ శ్రమ పెట్టాం. అమెరికా గ్రంథాలయాలు తెలుగు పేర్లను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి లిప్యంతరీకరణ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాల్లోకి మారుస్తాయి. ఆ పద్ధతికీ మనం పాస్‌పోర్టులో పేరు రాసుకునే తీరుకూ పొత్తు కుదరదు. మనం "త" అంటే టి పక్కన హెచ్ పెడతాం. కేటలాగులో "త"కు టి ఒక్కటే. హెచ్ చేరిస్తే అది "థ" అవుతుంది. "చ"కు సి ఒక్కటే, సి-హెచ్ అంటే "ఛ". కాబట్టి చలం పుస్తకాలు కావాలంటే సి-ఏ-ఎల్-ఏ-ఎమ్ అని వెతకాలి. "చరిత్ర" అనే మాటకూ అదే దారి. "ఈ"కి రెండు ఇ-లు, "ఊ"కి రెండు ఓ-లు పనికిరావు. ఐ ఒకటి, యు ఒకటి చాలు, దీర్ఘం గీత టైపు చేయనక్కర్లేదు. "వ" ఎప్పుడూ వి, డబ్ల్యూ కాదు. "శ", "ష" రెండూ ఎస్ మీదో కిందో గుర్తుతో ఉంటాయి. వెతికేటప్పుడు గుర్తు వదిలేసి ఎస్ ఒక్కటే కొట్టండి, పక్కన హెచ్ వద్దు. విశ్వనాథ పేరులో "శ"కు ఎస్, "వ"కు వి, "థ"కు టి-హెచ్.

అన్నిటికన్నా ఎక్కువమందిని తిప్పలు పెట్టేది వట్రసుడి. ఈ పద్ధతిలో దానికి కింద సున్న పెట్టిన ఆర్ మాత్రమే ఉంటుంది. ఐ గానీ యు గానీ రాదు. అంటే "కృష్ణ" కె-ఆర్-ఎస్-ఎన్-ఏ అవుతుంది. "సంస్కృతి"లో కె, ఆర్, టి వరసగా వస్తాయి. చూడ్డానికి వింతగా ఉన్నా కృష్ణశాస్త్రి దొరికేది ఇలాగే. మన తెలుగు సున్న (ం) విషయంలో పెద్ద చిక్కు లేదు: క, చ, ట, త వర్గాల ముందు ఎన్, ప వర్గం ముందూ మాట చివరా ఎమ్. "సింహం", "సంస్కృతి" లాంటి మాటల్లోనూ ఎమ్మే. "రావు" దగ్గర మాత్రం రెండు రకాలూ ప్రయత్నించండి. లిప్యంతరీకరణ ప్రకారం అది ఆర్-ఏ-వి-యు. ఇంగ్లీషులో కూడా రాసిన రచయితలు ఆర్-ఏ-ఓ కింద ఉండే వీలుంది.

ఇంత తంటా ఎందుకు, నేరుగా తెలుగు లిపిలో కొడితే పోదా అని అడిగారు. కొట్టండి, కానీ ఫలితం తక్కువైతే నిరాశపడకండి. కొత్త రికార్డుల్లో తెలుగు లిపి చేరుస్తున్నారు గానీ పాతవాటిలో చాలావరకు ఇంగ్లీషు అక్షరాలే ఉన్నాయి. పాతవే మనకు ఎక్కువగా కావాల్సినవి. మరో రెండు కిటుకులు: శీర్షిక చివర "ము", "మ్", "ం" తేడాలు ఉంటాయి గనుక మాట మొదటి భాగం కొట్టి నక్షత్రం గుర్తు పెట్టండి. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో భాషను తెలుగుగా ఎంచుకుంటే ఒక్క మాటతోనే జాబితా చేతికందేంతకు కుదించుకుపోతుంది.

అరల దగ్గరికే వెళ్లి చూసుకునే అలవాటున్నవారికి: లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వర్గీకరణ వాడే చోట తెలుగు సాహిత్యం పీఎల్ 4780 అనే అర నంబరు దగ్గర, ఒక్కో రచయిత పుస్తకాలు 4780.9 కింద ఇంటిపేరు లేదా పేరు మొదటి అక్షరం వరసలో ఉంటాయి. డ్యూయీ వర్గీకరణ అయితే 894.827. ఇప్పుడు చాలా విశ్వవిద్యాలయాలు తక్కువగా వాడే పుస్తకాలను ఊరి బయటి గోదాములకు తరలిస్తున్నాయి. అర ఖాళీగా కనబడితే పుస్తకం లేదని తేల్చేయకండి. కేటలాగులో స్టోరేజీ అని ఉంటే రిక్వెస్ట్ బటన్ నొక్కితే సర్క్యులేషన్ డెస్క్‌కు తెచ్చిపెడతారు. ఏ పుస్తకం తరలించాలో నిర్ణయించేటప్పుడు అది ఎన్నిసార్లు బయటికి వెళ్లిందో చూస్తారు. అక్కడే కూర్చుని చదివి అరలో మీరే పెట్టేస్తే అది లెక్కలోకి రాదు. కాబట్టి ఇంటికి తీసుకెళ్లండి, లేదా చదివాక బల్లమీదే వదిలేయండి. కొన్నిచోట్ల అలా వదిలినవాటినీ స్కాన్ చేసి లెక్కిస్తారు.

కార్డు సంగతి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావరకు విద్యార్థులు కాని స్థానికులకూ కార్డు ఇస్తారు, కొన్నిచోట్ల ఉచితంగా, కొన్నిచోట్ల ఏటా రుసుముతో. ఫోటో గుర్తింపు, చిరునామా రుజువు తీసుకెళ్లాలి. ఈ కార్డు మీద అచ్చు పుస్తకాలు వస్తాయి గానీ ఇంటి నుంచి డేటాబేసులు తెరుచుకోవు. ప్రచురణకర్తలతో ఒప్పందాలు ఆ మేరకే ఉంటాయి. అవి కావాలంటే గ్రంథాలయానికే వెళ్లి అక్కడి కంప్యూటర్‌లో చూసుకోవచ్చు, పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. పుస్తకం మీ దగ్గర ఉండగా ఇంకొకరు అడిగితే రీకాల్ (వెనక్కి ఇవ్వమనే కబురు) వస్తుంది, గడువు తగ్గిపోతుంది. ఆ ఈమెయిల్ స్పామ్‌లో పడి గడువు దాటిపోయిందని డెస్క్ దగ్గర చెప్పినవారు ఒకరిద్దరు కాదు. గ్రంథాలయం చిరునామాను కాంటాక్టుల్లో చేర్చుకోండి.

మన ఊళ్లో లేని పుస్తకానికి ఇంటర్ లైబ్రరీ లోన్ (వేరే గ్రంథాలయం నుంచి అప్పు తెప్పించే ఏర్పాటు) ఉంది. విశ్వవిద్యాలయ కార్డు లేకపోయినా ఫరవాలేదు, మీ పబ్లిక్ లైబ్రరీ ద్వారానే అడగొచ్చు. ముందు అనేక గ్రంథాలయాల ఉమ్మడి కేటలాగైన వరల్డ్‌క్యాట్‌లో పుస్తకం పట్టుకోండి. ఆ రికార్డులో ఓసీఎల్‌సీ నంబర్ అని ఒకటుంటుంది. దాన్ని ఫారంలో తప్పకుండా రాయండి. తెలుగులో ఒకే పేరుతో నాలుగైదు పుస్తకాలుంటాయి, ఫారం చూసే ఉద్యోగికి మన భాష రాదు, నంబరుంటే ఇక పొరపాటుకు చోటుండదు. సంపుటాలుగా వచ్చిన పుస్తకమైతే ఏ సంపుటం కావాలో నోట్స్ గడిలో రాయాలి, లేకపోతే మొదటిదే వస్తుంది. ఏ ముద్రణ అయినా సరే అనుకుంటే ఆ గడిలో టిక్ పెట్టండి. "ఎంతవరకు చెల్లిస్తారు" అన్నచోట సున్నా వేస్తే ఉచితంగా ఇచ్చే గ్రంథాలయాలకే వెళ్తుంది, వాళ్లెవరూ ఇవ్వకపోతే రద్దవుతుంది. "ఈ తేదీ తర్వాత అక్కర్లేదు" అన్న గడిలో కనీసం నెల రోజులైనా వ్యవధి ఇవ్వండి. అభ్యర్థన ఒక గ్రంథాలయం కాదంటే ఇంకోదానికి పోతూ ఉంటుంది, ప్రతిచోటా కొన్ని రోజులు పడుతుంది.

పుస్తకం వచ్చాక దాని అట్టకు చుట్టిన కాగితపు పట్టీ పీకేయకండి. ఏ గ్రంథాలయానిది, ఎప్పుడు తిరిగివ్వాలి అన్నది దానిమీదే ఉంటుంది. ఎక్కడ తీసుకున్నారో అక్కడే ఇవ్వాలి, పుస్తకం సొంతదారైన గ్రంథాలయానికి నేరుగా పోస్టు చేయకూడదు. గడువు పెంచేది పుస్తకం ఇచ్చిన గ్రంథాలయం. కాబట్టి గడువు రోజున కాకుండా నాలుగైదు రోజుల ముందే అడగండి.

పోగొట్టుకుంటే? పుస్తకం మీద వంద రూపాయలే అచ్చయి ఉన్నా బిల్లు డాలర్లలో, అదీ గట్టిగా వస్తుంది. దొరకని పుస్తకాలకు చాలాచోట్ల ఒక స్థిర ధర, దానిపైన ప్రాసెసింగ్ రుసుము వేస్తారు. అదే ముద్రణ ఇండియా నుంచి తెప్పించి ఇస్తే కొందరు ఒప్పుకుంటారు, అయితే ముందుగా రాతపూర్వకంగా అడిగిన తర్వాతే తెప్పించండి.

1960, 70ల నాటి మన పుస్తకాల కాగితంలో ఆమ్లం ఎక్కువ. పేజీ తిప్పితే అప్పడంలా విరుగుతుంది. అలాంటివాటిని బయటికి పంపరు. అప్పుడు అవసరమైన పేజీలను స్కాన్ చేయించమని అడగాలి, అధ్యాయం పేరు, పేజీల అంకెలు చెప్పి. కొన్ని పాతవి మైక్రోఫిల్మ్‌గా (పేజీలను చిన్నగా ఫోటో తీసిన ఫిల్మ్ రీళ్లుగా) ఉన్నాయి. 1967లో మొదలైన దక్షిణాసియా మైక్రోఫిల్మ్ ఉమ్మడి పథకం సేకరణ షికాగోలోని సెంటర్ ఫర్ రీసెర్చ్ లైబ్రరీస్‌లో ఉంది. మన విశ్వవిద్యాలయాలు అక్కడి నుంచి రీళ్లు తెప్పిస్తాయి. మరీ పాతవైతే అప్పు అడిగేముందు, స్కాన్ చేసిన పుస్తకాలుండే హాథీట్రస్ట్ అనే సైటులో చూడండి. అచ్చయి 95 ఏళ్లు దాటినవి అమెరికాలో ఉన్నవారికి పూర్తిగా తెరుచుకుంటాయి. 2026 జనవరి 1 నుంచి 1930లో అచ్చయినవీ ఈ లెక్కలోకి వస్తాయి. పుస్తకం మొత్తం ఒకేసారి దింపుకోవడానికి చాలావాటికి సభ్య విశ్వవిద్యాలయం లాగిన్ కావాలి, చదవడానికి అక్కర్లేదు.

విద్యార్థులతో చేసిన సందర్శనలో తెలుగు పుస్తకాల కన్నా చదువు గొడవలే ఎక్కువ నడిచాయి. టెక్స్ట్‌బుక్ కొనేముందు కోర్స్ రిజర్వ్ (క్లాసు పుస్తకాలను అందరికీ అందేలా విడిగా ఉంచే చోటు) చూడండని చెప్పాం. రెండు మూడు గంటలకు మాత్రమే ఇస్తారు, ఆలస్యమైతే జరిమానా గంటల లెక్కన పడుతుంది. మామూలు పుస్తకాలకు జరిమానాలు ఎత్తేసిన చోట కూడా దీనికి ఉంచారు. ఈ-బుక్ "ఒక్కరికే" లైసెన్సుతో కొన్నదైతే మిగతావాళ్లకు తెరుచుకోదు. పరీక్షల వారంలో చదువుకోవడం అయిపోగానే మూసేసి బయటికి రండి. పరిశోధన వ్యాసానికి ప్రచురణకర్త సైటు డబ్బడిగితే ఒక్క డాలరూ కట్టొద్దు. గ్రంథాలయం పేజీ నుంచి లాగినై మళ్లీ వెతకండి, అప్పటికీ లేకపోతే ఇంటర్ లైబ్రరీ లోన్‌లో అడగండి, పీడీఎఫ్ వస్తుంది. గత ఐదేళ్ల సంచికల నుంచి ఒకే పత్రికలో ఒక గ్రంథాలయం ఏడాదికి ఐదు వ్యాసాల వరకే రాయల్టీ లేకుండా తెప్పించుకోవచ్చని ఇక్కడొక మార్గదర్శకం ఉంది. ఏడాది చివర్లో "జనవరి వరకు ఆగండి" అని జవాబొస్తే కారణం అదే. స్క్రిప్టు రాసి వందల వ్యాసాలు ఒక్కసారి దింపితే ప్రచురణకర్త మొత్తం విశ్వవిద్యాలయానికే దారి మూసేస్తాడు, ఎవరి లాగిన్‌తో జరిగిందో ఐటీ విభాగానికి తెలిసిపోతుంది. బాకీ ఉంటే అకౌంట్ మీద హోల్డ్ పడి కోర్సుల రిజిస్ట్రేషన్ ఆగొచ్చు కూడా. ఇండియాలో నో డ్యూస్ సర్టిఫికెట్ చివర్లో అడుగుతారు, ఇక్కడ మధ్యలోనే పట్టుకుంటారు.

పుస్తకాల విరాళం అనుకున్నంత వేగంగా సాగలేదు. అట్టపెట్టెలు తెచ్చి డెస్క్ ముందు పెడితే ఎవరూ తీసుకోరు. ఒక్కో పుస్తకానికి కేటలాగు రికార్డు తయారుచేయడానికి తెలుగు తెలిసిన మనిషి కావాలి, అర మీద చోటూ కావాలి. అందుకని ముందు జాబితా పంపాలి: శీర్షిక, రచయిత, ప్రచురణ స్థలం, సంవత్సరం, పేజీలు. వరల్డ్‌క్యాట్‌లో ఇప్పటికే చాలాచోట్ల ఉన్నవాటిని మనమే తీసేయాలి. గ్రంథాలయాలకు నిజంగా కావాల్సింది ఊళ్లలో సొంతంగా అచ్చేసుకున్న స్థానిక చరిత్రలు, పాత పత్రికల వరస సంచికలు, సావనీర్లు. పేరున్న నవలల కొత్త ముద్రణలు కావు. పన్ను మినహాయింపు అడిగినవారికి: గ్రంథాలయం రసీదు ఇస్తుంది, వెల కట్టదు. మొత్తం 500 డాలర్లు దాటితే పన్ను శాఖ వారి 8283 ఫారం నింపాలి, 5,000 దాటితే అర్హత గల మదింపుదారు నివేదిక కావాలి.

వచ్చే ఏడాది సంక్రాంతి సమావేశంలో లైవ్‌గా వెతికి చూపించే కార్యక్రమం పెడుతున్నాం. మీకు కావాల్సిన పుస్తకాల పేర్లు, రచయితల ఇంటిపేర్లతో సహా, తెలుగు లిపిలోనే రాసి తీసుకురండి. ఇంగ్లీషులోకి మేం మారుస్తాం. పబ్లిక్ లైబ్రరీ కార్డు, దాని పిన్ కూడా వెంట ఉంచుకుంటే అక్కడికక్కడే రిక్వెస్ట్ పెట్టేయొచ్చు.