సగం తయారైన సబ్బు లెక్కేది?

సంపాదకులకు,

అయ్యా,

కామర్స్ విద్యార్థుల కోసం మీరు ఆదివారం వేసిన ప్రాసెస్ కాస్టింగ్ (దశలవారీగా తయారయ్యే సరుకుకు ఒక్కోదాని ఖర్చు కట్టే పద్ధతి) వ్యాసం చదివాను. తెలుగులో ఇలాంటివి రావడమే అరుదు, వేసినందుకు సంతోషం. కానీ 'నెల మొత్తం ఖర్చును తయారైన సరుకుతో భాగిస్తే ఒక్కోదాని ఖర్చు తేలుతుంది' అని చెప్పి అక్కడితో ముగించేశారు. నేను అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో, వేరే కంపెనీల పేరు మీద ఒంటి సబ్బులు చేసిపెట్టే యూనిట్‌లో కాస్టింగ్ చూస్తాను. మా ఓనరు గారూ ఇదే మాట అంటారు: "ఎంతయిందమ్మా, ఎన్నొచ్చాయి, భాగించెయ్." భాగించడానికి క్యాలిక్యులేటర్ చాలు. దేనితో భాగించాలో తేల్చడమే మా ఉద్యోగం.

మేం నూనె కాచం. సబ్బు నూడుల్స్, అంటే పామాయిల్ లాంటి నూనెలతో ముందే చేసిన సబ్బు పలుకులు, బస్తాల్లో కొంటాం. టాల్క్, రంగు, సెంటు కలిపి మిక్సర్లో వేస్తే, అది రోలర్ల మధ్య నలిగి, ప్లాడర్ (సబ్బును నొక్కి బయటికి తోసే యంత్రం) మూతిలోంచి పొడుగాటి కడ్డీగా వస్తుంది. దాన్ని కోసి ముద్ర కొడతాం. రాపర్ చుట్టడం తర్వాతి ప్రాసెస్, దాని ఖాతా వేరు. నెలాఖరు షిఫ్టు ముగిసేసరికి కొంత సరుకు మిక్సర్లో ఉంటుంది, కొంత ముద్ర పడకుండా ట్రేలలో ఉంటుంది. వాటిలో పడాల్సిన ముడిసరుకంతా పడిపోయింది. కూలీ, కరెంటు మాత్రం ఇంకా పడాలి.

ఒక లెక్క చూడండి. నెలలో 20,000 కిలోలు వేశాం. తేమ ఆరడం, రోలర్లకు అంటుకోవడం వల్ల 600 కిలోలు తరుగు. మామూలుగా పోయే 3 శాతమే. ముద్ర పడి బయటికి వచ్చింది 17,000. మధ్యలో మిగిలింది 2,400, సగం పని అయింది. ముడిసరుకు ఖర్చు 19,40,000 రూపాయలు, కూలీ కరెంటు వగైరా 3,64,000. ముడిసరుకును 19,400 కిలోలతో భాగించాలి: కిలోకు 100. మిగతా ఖర్చును 17,000కు 2,400లో సగం కలిపి 18,200తో భాగించాలి: కిలోకు 20. మొత్తం 120, అంటే వంద గ్రాముల సబ్బు 12 రూపాయలు. సగం అయిన సరుకును పూర్తయిన కిలోల్లోకి మార్చి తేల్చిన ఈ 19,400, 18,200లనే ఈక్వివలెంట్ యూనిట్లు అంటారు. మీ వ్యాసంలో చెప్పినట్టు తయారైన సరుకుతోనే భాగిస్తే 13 రూపాయల 55 పైసలు వస్తుంది. ఆ రేటు కోట్ చేస్తే ఆర్డరు పక్క షెడ్డుకు పోతుంది.

తరుగు సంగతి కూడా మీరు వదిలేశారు. మామూలు తరుగును మంచి సరుకే మోయాలి. అసాధారణ నష్టం అలా కాదు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను నీళ్లు ఎస్టేట్‌లోకి వచ్చినప్పుడు మా కింది వరస బస్తాలు నానిపోయాయి. ఆ నష్టాన్నీ ఆ నెల సబ్బుల మీదే పంచేద్దామన్న సలహా వచ్చింది. పంచితే తుపానుకు కూడా కస్టమరే డబ్బు కట్టాలన్నమాట! అది నేరుగా లాభనష్టాల ఖాతాకు పోవాలి, ఇన్సూరెన్స్ వచ్చినంత తగ్గించుకోవాలి. సబ్బు కోసేటప్పుడు రాలే ముక్కలు అసలు తరుగే కాదు, తిరిగి ప్లాడర్‌లోకే వెళ్తాయి.

ఇక సగటు పద్ధతా, ఫిఫోనా (ముందు వచ్చింది ముందు పోయిందనే లెక్క) అన్నది. పోయిన నెల నుంచి వచ్చిన సగం సరుకు ఖర్చును ఈ నెల ఖర్చులో కలిపేస్తే సగటు పద్ధతి. దాన్ని విడిగా ఉంచి, ఈ నెల జరిగిన పనికే ఈ నెల ఖర్చు వేస్తే ఫిఫో. రేట్లు కదలని రోజుల్లో సగటు చాలు, ఓనర్లకు చెప్పడమూ తేలిక. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపి, మే 23న మళ్ళీ వదిలింది. అలాంటి నెలల్లో నేను ఫిఫోనే నమ్ముతాను. లేకపోతే ఖర్చు పెరిగింది నూనె వల్లో, మా సూపర్‌వైజరు వల్లో తెలియదు. సరుకు నిల్వల విలువ ఎలా కట్టాలో చెప్పే అకౌంటింగ్ స్టాండర్డ్ 2 రెండిటినీ ఒప్పుకుంటుంది.

విద్యార్థులకు తప్పక చెప్పాల్సింది ఇంకొకటుంది. ఆ 'సగం పని' అన్నది ఎవరు తేలుస్తారు? పుస్తకంలో లెక్క ఇచ్చేవాడే శాతం కూడా ఇచ్చేస్తాడు. షెడ్డులో ఎవరూ ఇవ్వరు. సూపర్‌వైజర్ని అడిగితే అన్ని ట్రేలకూ కలిపి "ఫిఫ్టీ వేసుకోండి మేడం" అంటాడు. వెళ్లి ట్రే ట్రే చూస్తే మిక్సర్లో ఉన్నదానికి ఇరవై కూడా ఉండదు. మార్చి నెలాఖరున ఈ శాతానికి రెక్కలొస్తాయి. పై లెక్కలో 50ని 80 చేయండి: ఒక్క కిలో కూడా ఎక్కువ తయారు కాకుండానే, మిగిలిన సరుకు విలువ దాదాపు 13 వేలు పెరుగుతుంది. తయారైనదంతా అమ్ముడైతే లాభమూ అంతే పెరుగుతుంది. బ్యాంకుకు ఇచ్చే స్టాకు స్టేట్‌మెంటులో ఎక్కేదీ ఆ విలువే. శాతం ఎవరు వేశారో ఆ కాగితం మీద ఉండదు.

వ్యాసానికి రెండో భాగం వేసేటట్టయితే పై అంకెలు వాడుకోండి. కిలో రేట్లు మాత్రం మా యూనిట్‌వి కావు, లెక్క తేలిగ్గా తెగాలని వేసుకున్నవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కొరట్టూరు, చెన్నై