కిరాయి తగాదాలు త్వరగా తేల్చాలి

సంపాదకునికి,

ఇల్లు కిరాయికి ఇచ్చేవాళ్లందరూ దాన్ని వ్యాపారంగా పెట్టుకున్నవాళ్లు కారు. నాన్న పోయాక అమ్మను నా దగ్గరికి తెచ్చుకుని, హైదరాబాద్‌లోని ఇల్లు పాడుపడకూడదని కిరాయికి ఇచ్చాం. అందులో దిగినాయన నెలల తరబడి డబ్బు కట్టడం లేదు. అడ్వాన్స్ ఎప్పుడో అయిపోయింది. మీటరు నాన్న పేరు మీదే ఉంది కాబట్టి కరెంటు బకాయి మెసేజ్ ఆయన పేరుతోనే నా ఫోన్‌కు వస్తోంది. అది చూసినప్పుడల్లా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటోంది.

తాళం వేసెయ్, కరెంటు తీసెయ్ అని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. అది తప్పు, చట్టమూ ఒప్పదు. పైగా ఆ ఇంట్లో బడికెళ్లే పిల్లలున్నారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసు చాలు. అప్పటికీ కదలకపోతే కోర్టే దిక్కు, వాయిదాల టెన్షన్ మనకే.

రాష్ట్రాలు తమ చట్టంగా తెచ్చుకోవడానికి కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇలాంటి కేసులను 60 రోజుల్లో తేల్చాలంటోంది. గడువు దాటాక ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగింతలు కట్టాలి. నివాసాలకు అడ్వాన్స్ రెండు నెలల కిరాయికి మించకూడదని చెప్పి అద్దెకుండేవాళ్లనూ కాపాడుతోంది. తెలంగాణ ప్రభుత్వం ఆ పద్ధతిని వెంటనే తీసుకురావాలి.

– ఒక ఇంటి యజమాని, కరీంనగర్