ఏ మణుగు? ఎన్ని కిలోలు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. పాత తూకాలను కిలోల్లోకి మారుస్తూ ఈ మధ్య మీరు వేసిన పట్టిక చూశాను. మణుగు అంటే 37.32 కిలోలని అందులో ఉంది. అది తప్పని అనను. కానీ మా పర్లాకిమిడి వైపు అది మా మణుగు కాదు. ఈ తేడా వల్ల ఈ ఏడాది శ్రీరామనవమికి మా ఇంట్లో ఎంత టెన్షన్ అయిందో చెప్తాను.

మా ముత్తాత 1929లో ఊరి గుడికి ఒక కాగితం రాసిచ్చారు. ఫలానా చెక్క దున్నుకునేవారు ఏటా నవమి పానకానికి మణుగు బెల్లం, వడపప్పుకు వీశె పెసరపప్పు ఇవ్వాలని అందులో ఉంది. మా నాన్న ఉన్నన్నాళ్లూ పదకొండు కిలోల బెల్లం తూయించి, పైన ఇంకో అచ్చు పెట్టి పంపేవారు. ఎవరూ ఏమీ అనలేదు. ఈసారి కమిటీలో కొత్తగా చేరిన కుర్రాడు ఫోన్‌లో చూసి, "మావయ్యా, ఇన్నేళ్లూ మీరు మూడో వంతు కూడా ఇవ్వలేదు" అన్నాడు. పానకంలో పుడక అంటే ఇదే. నలుగురి ముందూ దేవుడి సొమ్ము తిన్నవాళ్లమైపోయాం.

ఫోన్ చెప్పింది బెంగాల్ మణుగు. దానికి నలభై సేర్లు, సేరుకు 80 తులాలు. రైళ్లలో, పెద్ద వ్యాపారాల్లో నడిచింది అదే. కానీ 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మనం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా వాళ్లం. మద్రాసు లెక్క వేరు. మూడు తులాలు పలం, నలభై పలాలు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. తులం 11.66 గ్రాములు కాబట్టి వీశె కిలో 400 గ్రాములు, మణుగు 11 కిలోల 200 గ్రాములు. పాతిక పౌన్ల మణుగు అనేవారి లెక్క తీసుకున్నా 11.34 కిలోలే అవుతుంది. సేరుదీ ఇదే తంతు. మద్రాసు తూకం సేరు 24 తులాలే, అంటే 280 గ్రాములు. బెంగాల్ సేరు 933 గ్రాములు. పేరు ఒకటే, బరువు మూడింతల పైనే తేడా. కాగితంలో మణుగు పక్కనే వీశె అని ఉంటే అది మద్రాసు లెక్క అని పట్టుకోవచ్చు. ఆ ముక్క కమిటీకి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. మా మనవడికి వీశె అంటే వీపు మీద పడే గుద్దు అని మాత్రమే తెలుసు, వాడిని ఏం అంటాం!

బంగారం దగ్గర ఇది మరీ కొంప ముంచుతుంది. మా అమ్మ పంపకాల కాగితంలో నాలుగు తులాల కంటె అని ఉంది. ఒక దుకాణంలో చూపిస్తే తులం అంటే పదే కదా అని నలభై గ్రాములకు లెక్క కట్టారు. పాత తులమైతే 46 గ్రాముల పైమాటే. ఒడియా వాళ్లు భరి అని 11.66 గ్రాములను ఇప్పటికీ విడిగా చెప్పుకుంటారు. మనమేమో తులం పేరు ఉంచుకుని బరువు తగ్గించుకున్నాం. అనుమానం ఉన్నవారు ఇంట్లో ఐదో జార్జి బొమ్మ వెండి రూపాయి ఉంటే కాటా మీద పెట్టి చూడండి. అది సరిగ్గా తులం ఎత్తున కొట్టిన నాణెం. మా ఇంటిది బొమ్మ చెంప అరిగిపోయి కూడా 11.5 దాటింది.

కుంచాలు, మానికల జోలికి ఇక్కడ పోను. అవి కొలత పాత్రలు, తూకాలు కావు. కుంచెడు వడ్లూ కుంచెడు నువ్వులూ ఒకే బరువు ఎలా తూగుతాయి?

1958 అక్టోబరులో మెట్రిక్ తూకాలు మొదలయ్యాయి. కొన్నేళ్లకు పాత రాళ్లు చెల్లకుండా పోయాయి. అమ్మకాల్లో గ్రాములు, కిలోలే ఉండాలని చట్టం చెప్తోంది. మంచిదే, వీశెలు మళ్లీ తెమ్మని నేను అడగడం లేదు. నా గొడవల్లా పాత కాగితాల గురించే. గుడి మాన్యాలు, పంపకాలు, తాకట్లు ఇంకా వాటి మీదే నడుస్తున్నాయి. పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం రిజిస్ట్రారు ఆఫీసుల్లో మద్రాసు లెక్క, బెంగాల్ లెక్క పక్కపక్కన పెట్టి తెలుగులో, ఒడియాలో ఒక బోర్డు రాయించాలని తూనికల శాఖను కోరుతున్నాను. మీరు కూడా ఆ పట్టికను రెండు వరసలుగా మరోసారి వేయండి.

బెల్లం సంగతి అంటారా, చివరికి పన్నెండు కిలోలకు ఒప్పుకున్నారు. ఆ ఎనిమిది వందల గ్రాములు ఎందుకని నేను అడగలేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా