అమ్మగారి పేరిట అందిన సాయానికి మా కుటుంబం కృతజ్ఞతలు

పక్షవాతంతో కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ పడిపోయిన మా నాన్నగారు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన తరువాత వారి చికిత్సకు ఆసరాగా నిలిచిన కుటుంబ ఫౌండేషన్‌కు, దానిని తమ తల్లిగారి జ్ఞాపకార్థం నడుపుతున్న ఆమె సంతానానికి మా ఇంటిల్లిపాది తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేసుకుంటున్నాను. చేసిన సాయం గురించి చెప్పుకోవడం అమ్మగారికి ఇష్టం ఉండేది కాదని, అందువల్ల సంస్థ పేరు ప్రకటించవద్దని వారు కోరారు. ఆ మాటను గౌరవించి పేరు రాయడం లేదు గానీ, వారు చేసిన పని ఎటువంటిదో చెప్పకుండా ఉండలేను.

ప్రాణాపాయం ఉన్నంతవరకు పదిమందీ వస్తారు, చేతనైనంత ఇస్తారు. అసలు కష్టం ఆ తరువాతే మొదలవుతుందని మాకూ అప్పటిదాకా తెలియదు. పక్షవాతం వచ్చిన తొలి నెలల్లోనే కోలుకునే వేగం ఎక్కువగా ఉంటుంది కనుక ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ ఆ కాలంలో ఆగిపోకూడదు. ఒకే కదలికను, ఒకే మాటను వందలసార్లు చేయించగా చేయించగా దెబ్బతిన్న భాగం చేసే పనిని మెదడు మరో దారిలో నేర్చుకుంటుంది. మంచానికే పరిమితమైన మనిషికి ఒంటిపుండ్లు పడకుండా దాదాపు రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి, మింగడం కష్టమైనప్పుడు తిండీ నీళ్లూ ఊపిరితిత్తుల్లోకి పోకుండా కనిపెట్టుకోవాలి. ఆపరేషన్‌కు సాయపడే సంస్థలు వెదికితే దొరికాయి, ఈ చాకిరీకి సాయపడేవి మాత్రం మాకు కనిపించలేదు.

ఈ ఫౌండేషన్ ఎంచుకున్నది సరిగ్గా ఈ దశనే. జబ్బుపడిన ఇంటికి నలుగురూ వచ్చి వెళ్లిపోయాక, ఇక ఎవరూ రారు అనుకునే వేళ వెళ్లి పలకరించడం అమ్మగారి అలవాటట. ఆ అలవాటునే వారి పిల్లలు సంస్థకు నియమంగా మార్చారు. దరఖాస్తు రెండు పుటలకు మించలేదు. మా పేదరికాన్ని పదేపదే రుజువు చేసుకోమనలేదు, చెక్కు పట్టుకుని ఫొటో దిగమనలేదు. థెరపిస్టులకు చెల్లించవలసినది నేరుగా వారికే చెల్లించి, నాన్నగారి పరిస్థితి గురించి మాత్రం ప్రతినెలా మమ్మల్ని అడిగేవారు. వారిలో పెద్దకుమార్తెగారు మా అమ్మతో మాట్లాడిన ప్రతిసారీ, “మీరు నిద్రపోతున్నారా?” అని ముందుగా అడిగేవారు, రోగి పక్కన ఉన్న మనిషిని ఆ మాట అడిగినవారు మరొకరు లేరు.

అమ్మగారు మిగిల్చిన సొమ్మును మూలధనంగా ఉంచి, దానిపై వచ్చే రాబడిని మాత్రమే ఖర్చు చేస్తున్నారు కాబట్టే, ఇన్ని నెలలు సాయం చేస్తామని వారు మొదటిరోజే మాట ఇవ్వగలిగారు. ఆ మాట మాకు డబ్బుకంటె పెద్ద ఊరట. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో మార్గరెట్ ఒలీవియా సేజ్ 1907లో కోటి డాలర్లతో నెలకొల్పిన ఫౌండేషన్ ఈనాటికీ పనిచేస్తూనే ఉంది. అయితే ఆమె దానికి తన భర్త రస్సెల్ సేజ్ పేరు పెట్టారు. ఇక్కడ పిల్లలు ఇంటి పెద్దావిడ పేరే పెట్టుకోవడం, నా మటుకు నాకు, మరింత సముచితంగా తోచింది.

నాన్నగారు ఇప్పుడు చేతికర్ర ఊతంతో వసారా దాకా నడుస్తున్నారు, మా అందరినీ పేరుపెట్టి పిలుస్తున్నారు. కుడిచేతి వేళ్లు ఇంకా స్వాధీనంలోకి రాలేదు, థెరపీ కొనసాగుతోంది. సంస్థవారు వాడుకోమని ఇచ్చిన చక్రాల కుర్చీ అవసరం తీరినందున, చక్రాలకు నూనె వేయించి, శుభ్రం చేసి ఈ వారంలోనే తిరిగి అప్పగిస్తున్నాము. దానిని తీసుకువెళ్లబోయే కుటుంబానికి నాన్నగారిని మంచం మీంచి కుర్చీలోకి మార్చడంలో మేము నేర్చుకున్న పద్ధతిని వచ్చి చూపించడానికి నేనూ, మా తమ్ముడూ సిద్ధంగా ఉన్నామని సంస్థవారికి ఇందుమూలంగా మనవి చేస్తున్నాను.