పాదరసం పరీక్ష రిపోర్టుపై ఫిర్యాదు

ల్యాబ్ మేనేజర్ గారికి,

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం దగ్గరి మత్స్యకార గ్రామం. వంశధార సముద్రంలో కలిసేచోట నీళ్లలో పాదరసం ఎంత ఉందో చూడమని గత నెల నాలుగు శాంపిళ్లకు మీకు డబ్బు కట్టాం. వేటకెళ్లే కుటుంబాలు ఇంటింటా చందా వేసుకున్న డబ్బది. రిపోర్టులో నాలుగింటికీ ఒకటే మాట, ‘కనబడలేదు’. రామమందిరం దగ్గర చదివి వినిపిస్తే ఆడవాళ్లు గంగమ్మకు దండం పెట్టుకున్నారు. ఆ రాత్రి చివరి పేజీలో చిన్న అక్షరాలు చూశాను. మీ పరికరం పట్టగలిగే కనీస మోతాదు లీటరుకు 1 మైక్రోగ్రాము.

అంటే 1000 నానోగ్రాములు. నడిసముద్రపు శుభ్రమైన నీళ్లలో పాదరసం మామూలుగా లీటరుకు ఒక నానోగ్రాము లోపే ఉంటుంది. అది వంద రెట్లు పెరిగినా మీ రిపోర్టు ‘కనబడలేదు’ అనే చెబుతుంది. ధాన్యం బస్తాలు తూచే కాటా మీద ముక్కుపుడక పెట్టి, బరువే లేదన్నట్టుంది. 1 మైక్రోగ్రాము మన దేశంలో తాగునీటికి పెట్టిన పరిమితి. సముద్రం సంగతి వేరు. నీళ్లలో రవ్వంత ఉన్నదే మిథైల్ మెర్క్యురీగా, అంటే ఒంట్లో పేరుకునే విషపు రూపంగా మారి, చిన్న చేప నుంచి పెద్ద చేపకు చేరుతూ సొరల్లాంటి వాటిలో లక్షల రెట్లు పోగవుతుంది. మా పిల్లలు తినేది ఆ చేపలే.

శాంపిల్ తీసిన తీరు మరీ బాధ కలిగించింది. మీ అబ్బాయి గ్లవ్స్ లేకుండా మామూలు ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు పట్టాడు. పాదరసం ఆవిరి అలాంటి ప్లాస్టిక్ గుండా అటూ ఇటూ పోతుంది. గాజు సీసా గానీ టెఫ్లాన్ సీసా గానీ వాడి, పాదరసం పోకుండా నీళ్లలోనే నిలిపి ఉంచే బ్రోమిన్ మోనోక్లోరైడ్ అనే రసాయనం కలిపి నిల్వ చేయాలి. మీరు ఏమీ కలపకుండా ఎనిమిది రోజులు ఉంచారని మీ రిపోర్టు తేదీలే చెబుతున్నాయి. బయటి పాదరసం శాంపిల్‌లో కలిసిందో లేదో తేల్చడానికి శుద్ధజలం నింపి పడవలో వెంట తిప్పే సీసా, ఫీల్డ్ బ్లాంక్, కూడా లేదు.

నీళ్లలోని పాదరసాన్ని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరిని బంగారు ట్రాప్ మీద పట్టి, ఫ్లోరసెన్స్‌తో, అంటే అది వెదజల్లే వెలుగును బట్టి కొలిచే పద్ధతిలో లీటరుకు అర నానోగ్రామైనా లెక్క తేలుతుంది. ముందే ఫోన్‌లో అడిగితే, ‘ఎంత తక్కువున్నా పట్టేస్తాం’ అన్నారు. ఆ మాట నమ్మే కట్టాం.

ఆ రిపోర్టు ఫొటో ఇప్పటికే వాట్సాప్‌లో పక్క ఊళ్లకు కూడా పోయింది. ముందుగా అది చెల్లదని రాతపూర్వకంగా ఇవ్వండి. తర్వాత పై పద్ధతిలో ఉచితంగా మళ్లీ పరీక్ష చేయండి, ఆ పరికరం మీ దగ్గర లేకపోతే మొత్తం డబ్బు వాపసు ఇవ్వండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. మళ్లీ శాంపిల్ తీసే రోజు ముందే చెప్పండి, పడవలో నేనూ వస్తాను.

ఇట్లు,
గ్రామ మత్స్యకారుల తరఫున,
కార్యదర్శి