చాటికోన సంతలో మనవాళ్ల కెమెరాలు

సంపాదకులు గారికి నమస్కారం.

మాది ఒడిశాలోని రాయగడ. తాతల కాలంలో పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. అల్లం, పసుపు, చింతపండు కొని అమ్ముకునే చిన్న వ్యాపారం నాది. ఆ పని మీదే బుధవారం చాటికోన సంతకు వెళ్తుంటాను. చలికాలం వస్తే ఆ సంత పక్కన ఆంధ్రా, తెలంగాణ నంబర్ల కార్లు వరసగా ఆగి ఉంటాయి. మనవాళ్లు వస్తున్నందుకు సంతోషమే. వచ్చి చేస్తున్న పని గురించే ఈ ఉత్తరం.

నియమగిరి కొండల మీద ఉండే డోంగ్రియా కోంధు గిరిజనులు ఆ రోజు చీకటితోనే కొండ దిగుతారు. ఆడవాళ్ల నెత్తిన గంపలు, మగవాళ్ల భుజాన కావిళ్లు. కాలాన్ని బట్టి అల్లం, పసుపు, కందులు, అనాస, పనస. అవి అమ్మి ఉప్పు, నూనె, ఎండుచేపలు కొనుక్కుని తిరిగి కొండ ఎక్కాలి. వారానికి సరిపడా సంపాదన, ఖర్చు అన్నీ ఆ పూటలోనే తేలాలి. మన ట్రావెల్స్ వాళ్ల ప్యాకేజీలో మాత్రం అది ‘ట్రైబల్ మార్కెట్, ఒక గంట’. ముందు ఒక జలపాతం, తర్వాత మజ్జిగౌరమ్మ దర్శనం, మధ్యలో ఈ మనుషులు.

కిందటి చలికాలం నా కళ్లముందు జరిగింది చెబుతాను. ఒకామె గంప దింపి అల్లం కాటా మీద పోయిస్తోంది. ముక్కుకు మూడు రింగులు, కొప్పులో చిన్న కత్తి. కెమెరా పట్టుకున్న మన కుర్రాడొకడు వచ్చి ఆమెకీ కాటాకీ మధ్యలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. “అమ్మా, ఆ కత్తి ఒక్కసారి తీసి మళ్లీ పెట్టుకోవా, ప్లీజ్” అని తెలుగులో బతిమాలాడు. ఆమెకు తెలుగు రాదు. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. ఆమె మళ్లీ ఇటు తిరిగేసరికి కాటా మీద సరుకు బస్తాలోకి వెళ్లిపోయింది. తూకం ఎంత పడిందో ఆమె చూసుకోలేదు. కొనేవాడు చెప్పిన అంకెకు తలూపి డబ్బులు తీసుకుంది. అలాంటప్పుడు కిలో, రెండు కిలోలు ఎటు పోతాయో ఇదే వ్యాపారంలో ఉన్న నాకు ఒకరు చెప్పాలా? కుర్రాడు మంచివాడే పాపం, వెళ్తూ వెళ్తూ ఆమె చేతిలో ఇరవై రూపాయల నోటు పెట్టబోయాడు. ఆమె తీసుకోలేదు.

డోంగ్రియాలది ఒడిశాలో ప్రభుత్వం గుర్తించిన 13 ఆదిమ తెగల్లో ఒకటి. అయితే అడగకుండా ఫొటో తీయకూడదని చెప్పడానికి అంత దూరం పోనక్కర్లేదు. మన రైతుబజారులో మీ అమ్మగారు వంకాయలు బేరమాడుతుంటే ఎవడో వచ్చి ఆవిడ ముక్కుపుడక దగ్గర కెమెరా పెడితే ఊరుకుంటారా?

నిజంగా తెలుసుకోవాలనుకునే వాళ్లకు ఇక్కడ విషయాలకు కొదవ లేదు. కపడాగండా శాలువానే తీసుకోండి. పెళ్లికాని అమ్మాయిలు ఇష్టపడ్డవాడికో, అన్నదమ్ములకో చేత్తో కుట్టి ఇస్తారు. తెల్లటి ముతక బట్ట మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో గీతలు, త్రికోణాలు. త్రికోణమంటే కొండ. బట్ట మాత్రం వాళ్లు నేయరు, డొంబు అనే పొరుగు కులంవాళ్ల దగ్గర కొంటారు. ఈ ఒక్క ముక్క తెలిస్తే సంతలో ఎవరికి ఎవరితో ఏ లావాదేవీ ఉందో సగం అర్థమవుతుంది. 2024 జనవరిలో ఆ శాలువాకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. దాని గురించి అడిగి, కుట్టిన మనిషికే డబ్బిచ్చి కొన్న పర్యాటకులను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఇదే నియమగిరి కొండను బాక్సైట్ కోసం తవ్వుతామంటే 2013లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలింది. పన్నెండు ఊళ్లలో సభలు పెడితే పన్నెండూ వద్దన్నాయి. ఆ కొండల నీళ్లు వంశధారలో కలిసి గుణుపురం మీదుగా శ్రీకాకుళం జిల్లాకు వస్తాయి. ఆ నీళ్లతో వరి పండించే మనవాళ్లకు ఈ సంగతి ఒక్కరూ చెప్పరు. గైడు చెప్పేదల్లా ‘ఫొటోకి ఇక్కడ నిలబడండి సార్’ అనే.

ఇంకో రకం వాళ్లు కూడా బయల్దేరారు. లోతుగా చూడాలంటూ పిలవని పేరంటానికి కొండమీది పల్లెల్లోకి, ఏకంగా ఇళ్లల్లోకి వెళ్లిపోతున్నారు. ఒక గంట వచ్చి ఫొటోలు తీసుకుపోయే వాళ్లే నయమనిపిస్తుంది. దయచేసి కిందనే ఉండండి, సంత చేయండి. పావుకిలో పసుపు కొమ్ములు కొని, వాటిని తవ్విన మనిషితో మధ్యలో ఎవరి సాయమో తీసుకుని రెండు మాటలు మాట్లాడండి. రాత్రికి రాయగడలో ఆగండి. పొద్దున్నే బరా, ఘుగుని (గారెలు, బఠాణీ కూర) తినండి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా మాట్లాడే మా బతుకు గురించి కూడా అడగండి. “అరె, మీకు తెలుగొచ్చే!” అని ఆశ్చర్యపోయి అక్కడితో వదిలేస్తారేమిటో!

ఆ మధ్యలో మాట్లాడిపెట్టే మనుషులకూ కరువు లేదు. డోంగ్రియాల భాష కువి, ఒడియా, తెలుగు మూడూ గలగలా మాట్లాడే కుర్రాళ్లు మా దగ్గర ఉన్నారు. చదువుకున్న డోంగ్రియా పిల్లలూ ఉన్నారు. ఇక్కడ పని దొరక్క రాయగడ స్టేషన్‌లో రైలెక్కి ఊళ్లు పట్టుకుపోతున్నారు. డోంగ్రియా కోంధ్ అభివృద్ధి సంస్థ కార్యాలయం చాటికోనలోనే ఉంది. ఆ సంస్థ, పర్యాటక శాఖ కలిసి వీళ్లకు కాస్త శిక్షణ, ఒక గుర్తింపు కార్డు ఇస్తే చాలు. గైడు వెంట లేని ప్యాకేజీ బండిని సంత దగ్గర ఆపనివ్వకూడదు. ఆ మాట వింటే ట్రావెల్స్ వాళ్లకు టెన్షన్ పట్టుకుంటుంది, పట్టుకోనివ్వండి.

మీ పత్రికకూ ఒక మనవి. ఆదివారం అనుబంధంలో ఈ ప్రాంతం గురించి రాసేటప్పుడు ఆ సంతను జలపాతాలు, గుడుల జాబితాలో ‘చూడదగ్గ ప్రదేశం’గా వేయకండి. వేయక తప్పదనుకుంటే, అడగకుండా ఫొటో తీయొద్దన్న మాటను పక్కనే పెద్ద అక్షరాల్లో వేయండి. ఇదే మాట తెలుగులో రాసిన బోర్డు ఒకటి రాయగడ స్టేషన్‌లో, ఒకటి సంత మొదట్లో పెట్టించమని అధికారులను అడుగుతున్నాం. చలికాలం బండ్లు మొదలయ్యేలోగా ఆ పని జరిగేలా మీరూ నాలుగు మాటలు రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాయగడ